"చేర నేర్చు"నా, "చేరఁ బోవు"నా?

ఎంవీపీ కాలనీ: పెద్దలకు నమస్కారం. వచ్చే వారం ఏయూలో నా సెమినార్. కొకైన్ వాడేవాళ్ల చూపును ఆ మత్తు బొమ్మలు ఎంతగా లాగుతాయో ఎలా కొలుస్తారన్నది తెలుగులో చెప్పాలి. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కనే వస్తాయి, ఒకటి కొకైన్‌ది, ఒకటి మామూలుది. అరసెకనులో రెండూ పోయి, ఒకదాని చోట చుక్క వస్తుంది. చుక్క కనబడగానే మీట నొక్కాలి. కొకైన్ బొమ్మ ఉన్న చోట వచ్చిన చుక్కకు త్వరగా నొక్కితే, చూపు ముందే అక్కడుందని లెక్క. ఇది చదివినప్పటి నుంచి పోతన గారి భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పే "మందార మకరంద" పద్యంలోని "విశేష మత్త చిత్తము" వదలడం లేదు. ఆ పాదం చివర "జేర నేర్చు"నా, "జేరఁ బోవు"నా?

సీతమ్మధార: "చిత్త మేరీతి నితరంబుఁ జేర నేర్చు". "మధుపంబు వోవునే మదనములకు" అని పైన తుమ్మెదకు అన్నాడు, ఆ "వోవునే" ఇక్కడ కలిసిపోయిందమ్మా. తుమ్మెద పోదు, దాని ఇష్టం. చిత్తం చేరలేదు, దాని వల్ల కాదు.

గాజువాక: గణాలు రెండింటికీ సరిపోతాయి మాస్టారూ. యతి "జే" దగ్గరే పడుతుంది కాబట్టి ఛందస్సు తేల్చదు. పాఠం "నేర్చు" అనే ఒప్పుకుంటా, కానీ అర్థం అలవాటుపడటమని నా పట్టుదల.

ఎంవీపీ కాలనీ: పోకపోవడం వేరు, పోలేకపోవడం వేరని మాస్టారు చెప్పిన తేడా లాంటిదే మా కొలతలోనూ ఉంది. బొమ్మ 200 మిల్లీసెకన్లే ఉంచితే చూపు మొదట ఎటు పోయిందో తెలుస్తుంది. ఎక్కువసేపు ఉంచితే అక్కణ్ణుంచి మళ్లగలదో లేదో తెలుస్తుంది. మీట నొక్కే వేగం ఒకే మనిషిలో ఇవాళ ఒకలా, రేపు ఒకలా ఉంటుంది. అందుకే కనుపాప కదలికను కెమెరాతో పట్టి, చూపు ఏ బొమ్మ మీద ఎంతసేపు నిలిచిందో చూడటం మేలంటున్నారు.

మధురవాడ: "మదనములు" ఎవరూ పట్టించుకోరేం? ఉమ్మెత్త అంటారు టీకాకారులు. అదీ మత్తు మొక్కే. ఒక మత్తులో ఉన్న తుమ్మెద ఇంకో మత్తుకు పోదంటున్నాడు పోతన!

భీమిలి: వైద్యంలో మదనఫలం అంటే మంగకాయ, వాంతి చేయించే మందు. తేనె రుచి మరిగిన తుమ్మెదకు దానికంటే విరుద్ధమైంది ఏముంది?

మధురవాడ: అన్నయ్యా, తుమ్మెద కాయ మీద వాలదు. అయినా ప్రహ్లాదుడి భక్తిని కొకైన్ పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. సింహాచలం కొండ కింద పుట్టిన మనమేనా ఈ పోలిక తెచ్చేది?

ఎంవీపీ కాలనీ: భక్తిని తగ్గించాలని కాదండీ. ఇంట్లోవాళ్లు పేషెంట్‌ను "బుద్ధి లేదు" అని తిడతారు. మనసు నిర్ణయం తీసుకోకముందే కన్ను అటు పోతుందని వాళ్లకు అర్థం కావాలి.

సీతమ్మధార: అయితే దాని ముందు పద్యం తీసుకో. అయస్కాంతం దగ్గర ఇనుము తిరిగినట్టు తన చిత్తం తిరుగుతోందంటాడు ప్రహ్లాదుడు. వ్యాసుడి మూలంలో ఉన్నది ఆ ఇనుమే. మందారం, రాయంచ, కోయిల, చకోరం అన్నీ పోతన సొంతం. "చొక్కు కోయిల" అన్నాడే, చొక్కుమందులోని చొక్కే అది! ఎంత ఎరిగి వాడాడు మహానుభావుడు!

ఎంవీపీ కాలనీ: మొదటి చూపుకు ఇనుము, మళ్లలేకపోవడానికి "చేర నేర్చు". రెండూ పెడతా.

గాజువాక: "నేర్చు" అలవాటే అయితే ఆ రెండోది కుదరదమ్మా.

సీతమ్మధార: "చెప్ప నేర్తునే" అంటే చెప్పగలనా అనే కదా నాయనా?

గాజువాక: అక్కడ సరే. ఇక్కడ ఎవరి దగ్గరైనా పాత టీక ఉంటే ఆ పుట ఫొటో పెట్టండి.