పదో తరగతి బ్యాచ్‌తో ఒక్కరోజు: గోపాల్‌పూరా, మహేంద్రగిరా?

మహేంద్రతనయ: మాది ఒడిశాలో పర్లాకిమిడి. డిసెంబరులో మా హైస్కూల్ బ్యాచ్ కలుస్తోంది. సగం మంది వైజాగ్ నుంచి, కొందరు బరంపురం నుంచి. పొద్దున్నే బయలుదేరి రాత్రికి ఇల్లు చేరాలి. ఎక్కడికి వెళ్తే బాగుంటుంది? వంట మనమే చేసుకోవాలా? పిల్లల్ని తేవాలా? చందా ఎంత?

బరంపురం అప్పడం: ఇందులో ఆలోచించడానికేముంది, గోపాల్‌పూర్ బీచ్. మేం పోయినేడు వెళ్లాం. ఇసుకలో వరసగా కూర్చుంటే మావాడొకడు హెడ్మాస్టారి గొంతుతో హాజరు పిలిచాడు. బట్టతలలు వచ్చినవాళ్లు కూడా ఠక్కున లేచి చేతులు కట్టుకుని ‘ప్రెజెంట్ సార్’ అన్నారు. నవ్వి నవ్వి డొక్కలు నొప్పెట్టాయి. సముద్రంలోకి మాత్రం మోకాళ్లు దాటి దిగొద్దు, అక్కడ లాగుడు ఎక్కువ.

గుణుపురం రైలు: వైజాగ్‌వాళ్లని గుణుపురం పాసింజరు ఎక్కించండి, సగం సరదా రైల్లోనే అయిపోతుంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మహారాజుగారు వేయించిన లైను అది. మేం చదువుకునే రోజుల్లో నారోగేజ్ మీద నడిచే చిన్న రైలే, ఎత్తు ఎక్కేచోట దిగి పక్కన నడిచేవాళ్లం. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ చేశారు. ఆ చిన్న రైలుని ఉంచాల్సిందని ఇప్పటికీ బాధ నాకు.

చిల్కా గాలి: రైలు సంగతి ఎవరడిగారన్నా. మహేంద్రగిరి వెళ్లండి, ఒడిశాలోకల్లా ఎత్తైన కొండ, 1501 మీటర్లు. పైన కుంతి గుడి, భీముడి గుడి, చలికాలం పొద్దున పొగమంచు. ఇంకేం కావాలి?

కొరాపుట్ కాఫీ: అన్నిటికన్నా ఎత్తు మా దేవమాలి కొండ. 1672 మీటర్లు. తెలిసి రాయండి.

చిల్కా గాలి: వాళ్లు పర్లాకిమిడి నుంచి కొరాపుట్ దాకా వచ్చి ఒక్కరోజులో తిరిగి వెళ్లగలరా? అడిగినదానికి చెప్పు.

కొరాపుట్ కాఫీ: రమ్మనలేదు నేను. తప్పు రాస్తే పిల్లలు అదే నేర్చుకుంటారు, ఆ మాటే అన్నాను. గొంతు పెంచొద్దు.

రిటైరైన మాస్టారు: ఇద్దరూ ఆగండర్రా. ఎన్నో ఏళ్లు భూగోళమే చెప్పాను. ఒడిశాలో దేవమాలే మొదటిది, మహేంద్రగిరి దానికన్నా తక్కువే. భీముడి గుడి చిన్నదే గానీ దాని రాళ్ల సైజు చూస్తే ఎలా పైకి ఎత్తారా అనిపిస్తుంది. శివరాత్రికి మాత్రం పోకండి, జనంలో ఒకరికొకరు కనపడరు.

చిల్కా గాలి: సరే మాస్టారూ, దేవమాలే ఎత్తు. కానీ ఆయన మాట్లాడిన తీరు బాలేదు.

పర్లాకిమిడి ఆడపడుచు: కొండలు కొలవడం అయ్యాక ఒక్క మాట వినండి. ఇలాంటివన్నీ మగవాళ్లే తేల్చేస్తారు. మా బ్యాచ్‌లో ఏటా నలుగురైదుగురు ఆడవాళ్లు చివరి నిమిషంలో మానేసేవాళ్లు. రాకపోవడానికి కారణం బాత్రూం. కొండ మీద ఎక్కడికి వెళ్లాలి మేము? అందుకే మేం వేడినీళ్ల ఊట ఉన్న తప్తపాణి పట్టుకున్నాం. టూరిజం వాళ్ల అతిథిగృహం పంథనివాస్ ఉంది, గది ఒకటి తీసుకుంటే మాకు నిశ్చింత. వేడినీళ్ల గుండంలో గంధకం వాసన కాసేపటికి అలవాటవుతుంది. మోహనా మీదుగా వెళ్తే దారిలో చంద్రగిరి దగ్గర టిబెటన్ల విహారం కూడా చూడొచ్చు. పిల్లల్ని, మొగుళ్లని తేవద్దని మొదటే చెప్పాం. వాళ్లుంటే పాత పేర్లు పెట్టి పిలుచుకోలేం.

బరంపురం అప్పడం: పిల్లల్ని వదిలేసి రావడం ఏం పద్ధతమ్మా?

పర్లాకిమిడి ఆడపడుచు: ఒక్క పూట నాన్న చూసుకుంటే ఏమవుతుంది?

గుణుపురం రైలు: చందా మాట చెప్తా. ముందే వసూలు చెయ్యండి. తర్వాత ఇస్తానన్నవాడు మళ్లీ పెళ్లిలోనే కనపడతాడు. మా ఒడియా దోస్తులు పఖాళ, అంటే నీళ్లలో నానేసిన అన్నం, తెస్తారు, మేం చేపల పులుసు తెస్తాం, వంటవాణ్ణి పెట్టే పనే లేదు.

మహేంద్రతనయ: ఆడపడుచుగారి మాట మా గ్రూపులో పెడితే రానన్న ముగ్గురూ వస్తామన్నారు. తప్తపాణే. గది ముందుగా బుక్ చెయ్యాలా, వెళ్లాక దొరుకుతుందా?

కొరాపుట్ కాఫీ: డిసెంబరు కదా, ముందే చేసుకోండి. దేవమాలికి ఇంకో ఏడు రండి, దగ్గరుండి తిప్పుతా.