ఓటీటీ సిరీస్‌లో బూతులు, బట్టల్లేని సీన్లు: ఇంట్లో ఫిల్టర్ పెట్టుకుంటే తప్పేంటి?

మలక్‌పేట నాన్న:
మాది రెండు గదుల ఇల్లు. టీవీ ఒక్కటే, హాల్లో. రాత్రి భోజనాలయ్యాక అమ్మ, మా ఆవిడ, ఇంటర్ చదివే పాప, నేను అక్కడే కూర్చుంటాం. మొన్న శనివారం ఒక క్రైమ్ సిరీస్ పెట్టాను. పది నిమిషాలు కాకముందే తల్లిని కలిపి తిట్టే తిట్టు. మా అమ్మ ఏమీ అనలేదు. ఒళ్లో ఉన్న చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లి, లైటు కూడా వేసుకోకుండా ఈనెలు తీస్తూ కూర్చుంది. కథ మాత్రం బాగుంది. ఆ మాటలు వినపడకుండా, ఆ సీన్లు దాటిపోయేలా ఒక బటన్ ఇస్తే ఎవరి సొమ్ము పోతుంది?

కృష్ణానగర్ సౌండ్:
మా పని పోతుంది అన్నా. పదకొండేళ్లుగా మిక్సింగ్‌లో ఉన్నాను. మీ టీవీకి వచ్చేది అంతా కలిపేసిన సౌండ్. తిట్టు మ్యూట్ చేస్తే దాని వెనకున్న వాన, ఫ్యాను, మ్యూజిక్ కూడా ఆ అరసెకను ఆగిపోతాయి. చెవిలో గొయ్యి పడ్డట్టు ఉంటుంది. 2021 ఐటీ రూల్స్‌తో యూ/ఏ 13+, ఆపైన రేటింగ్ ఉన్నవాటికి పేరెంటల్ లాక్ ఇవ్వాల్సిందే. అది వాడండి.

మలక్‌పేట నాన్న:
లాక్ వేస్తే సిరీస్ మొత్తానికే తాళం. నేను అడిగింది అది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ వదిన:
2023లో 'రానా నాయుడు' సిరీస్‌కీ ఇదే గొడవ. వెంకటేశ్ అనగానే మా ఇంట్లో అత్తగారితో సహా కూర్చున్నాం. ఆ తెలుగు డబ్బింగ్ విని తలెత్తుకోలేకపోయాం.

నల్లకోటు:
అమెరికాలో 2005 చట్టం ప్రకారం ఇంట్లో చూసుకునేటప్పుడు సీన్లు దాటేయడం, మాటలు మ్యూట్ చేయడం తప్పు కాదు. మార్చిన కాపీ శాశ్వతంగా తయారు చేయకూడదు, అంతే. ఇలాంటి ఫిల్టర్ ఇచ్చే విడ్‌ఏంజెల్ అనే కంపెనీ సినిమా డిస్కులకు కాపీ కాకుండా ఉండే లాక్ తీసి తన కాపీల నుంచి సినిమాలు పంపింది. డిస్నీ, వార్నర్ 2016లో కేసు వేస్తే, 2019లో జ్యూరీ 6.24 కోట్ల డాలర్లు కట్టమంది. అంటే అక్కడ చిక్కు వచ్చింది కాపీ దగ్గర, ఫిల్టర్ దగ్గర కాదు.

కృష్ణానగర్ సౌండ్:
చట్టం సంగతి సరే. ఆ అరసెకను గురించి ఎవరూ మాట్లాడరేం?

మలక్‌పేట నాన్న:
మీ వానచప్పుడు కోసం మా అమ్మ చీకట్లో కూర్చోవాలా?

ఉప్పల్ అమ్మాయి:
మా నాన్న కూడా రిమోట్ చేతిలోంచి దించేవాడు కాదు. ముద్దు సీన్ వస్తే ఛానెల్ మార్చేవాడు, శానిటరీ ప్యాడ్ల యాడ్ వచ్చినా మార్చేవాడు. పన్నెండేళ్లప్పుడు స్కూల్లో గౌను మీద మరక చూసి నాకేదో రోగం వచ్చిందని బాత్రూంలో దాక్కున్నాను. ఇంట్లో ఒక్కరూ చెప్పలేదు. మీ పాపకీ అదే చేస్తున్నారు అంకుల్.

మలక్‌పేట నాన్న:
నా పాప గురించి నీకేం తెలుసమ్మా? మా ఆవిడ దానికి అన్నీ చెప్పింది. ఫిల్టర్ పాప కోసమని నేనెక్కడ రాశాను?

ఉప్పల్ అమ్మాయి:
మరి ఎవరి కోసం? అరవై దాటిన ఆవిడకు తిట్లు తెలియవా?

మలక్‌పేట నాన్న:
తెలుసు. మా నాన్న రోజూ తాగొచ్చి తిట్టింది ఆ మాటలతోనే. నేను గోడవైపు తిరిగి పడుకుని వినేవాణ్ని. ఆయన పోయాక అమ్మను తెచ్చుకున్నాను. నా ఇంట్లో ఆ మాట మళ్లీ ఆమె చెవిన పడొద్దు, అంతే.

కృష్ణానగర్ సౌండ్:
అన్నా, అరసెకను మాట వెనక్కి తీసుకుంటున్నా. మీరు ముందు ఒక్కరే చూసి టైమ్ రాసిపెట్టుకోండి, అక్కడ మ్యూట్ నొక్కి సబ్‌టైటిల్స్ పెట్టండి. ఇప్పటికి నాకు తోచింది ఇదే.

దిల్‌సుఖ్‌నగర్ వదిన:
అమ్మగారిని అడిగారా అన్నయ్యా, ఎందుకు లేచి వెళ్లారని?

మలక్‌పేట నాన్న:
లేదు. ఎప్పుడూ అడగలేదు.

ఉప్పల్ అమ్మాయి:
సారీ అంకుల్, గట్టిగా మాట్లాడాను. కానీ నేనంటున్నదీ అదే. ఆ తిట్లు మ్యూట్ చేయండి, నేను కాదనను. తాతయ్య ఏం చేసేవాడో మీ పాపకు తెలుసా?

మలక్‌పేట నాన్న:
తెలియదు. రోజూ పొద్దున ఆయన ఫొటోకి దండం పెట్టి కాలేజీకి వెళ్తుంది. అది మాత్రం నేను చెప్పలేనమ్మా.