పల్లెలో లక్షన్నర అప్పు ఎక్కడ పుడుతుంది? పాకాల, చిత్తూరు వైపు వాళ్ళు చెప్పండి

పాకాల కుర్రోడు
అందరికీ నమస్తే. మాది పాకాల మండలంలో ఒక పల్లె. ఇల్లు గోడల వరకు లేచి ఆగిపోయింది. వానలు పట్టేలోపు స్లాబ్ వేయాలి. మేస్త్రీ లెక్క ప్రకారం ఇంకా లక్షన్నర తక్కువ పడుతోంది. నేను తిరుపతిలో బట్టల షాపులో చేస్తున్నా. జీతం చేతికే ఇస్తారు, పే స్లిప్ ఉండదు. బ్యాంకులో పర్సనల్ లోన్ అడిగితే జీతం అకౌంట్లో పడినట్టు స్టేట్‌మెంట్ తెమ్మన్నారు. నాన్నకు ఎకరంన్నర తోతాపురి మామిడి తోట, రెండు ఆవులు ఉన్నాయి. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంది గానీ పాత లోన్ ఇంకా నడుస్తోంది. ఊర్లో ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తా, ప్రామిసరీ నోటు మీద సంతకం చాలంటున్నాడు. యాప్‌లో అయితే పది నిమిషాల్లో పడిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. మీరెవరి దగ్గర తీసుకున్నారు, కట్టేటప్పుడు ఎలా ఉండింది, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కొండ కింద
యాప్ మాట మర్చిపో తమ్ముడూ. మా రూమ్మేట్ ఐదు వేలు అడిగితే మూడున్నర వేలే పడింది. వారం తిరక్కుండానే ఐదు వేలూ కట్టమని ఫోన్లు. వాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పోయాయి, వాళ్ళ మేనమామతో సహా. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న కంపెనీ తరఫున నడిచే యాప్ అయితే కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదు. డబ్బు కూడా ఆ కంపెనీ అకౌంటు నుంచి నేరుగా నీ అకౌంట్లోనే పడాలి. ఈ రెండిట్లో ఏది తేడా వచ్చినా అది దొంగ యాప్ కిందే లెక్క. ఇప్పటికే ఎవరైనా ఇరుక్కుని ఉంటే 1930కి ఫోన్ చేయండి.

అరగొండ అక్క
మా సంఘానికి నేను సెకండ్ లీడర్‌ని. మీ అమ్మ సంఘంలో ఉందంటే దారి ఉన్నట్టే, కానీ అక్కడ పని ఎలా జరుగుతుందో తెలుసుకుని అడగండి.

బ్యాంకు లింకేజీ లోన్ మనిషికి ఇవ్వరు, సంఘానికి ఇస్తారు. పది లక్షల వరకు ఏ హామీ అడగకూడదని రూలు. అందులో మూడు లక్షల వరకు ఏడాదికి 7 శాతమే, అంటే నూటికి నెలకు 60 పైసలు కూడా పడదు. ఊర్లో ఇంత చవక అప్పు ఇంకోటి లేదు. కాకపోతే డబ్బు రాగానే అవసరం ఉన్నా లేకున్నా తలా ఇంత అని సమానంగా పంచేసుకోవడం అలవాటైపోయింది. అవసరం లేని ఆమె ఆ డబ్బును మూడు రూపాయల వడ్డీకి బయట తిప్పుతుంది. ఇది నాకు అస్సలు నచ్చదు గానీ మీటింగ్‌లో ఆ మాటంటే నన్నే ఎగాదిగా చూస్తారు.

పాత లోన్ తీరేదాకా కొత్త లింకేజీ కష్టం. ఈలోపు రెండు దారులున్నాయి. ఒకటి సంఘం సొంత పొదుపులోంచి అంతర్గత అప్పు. మా దగ్గర నూటికి రూపాయి, ఆ వడ్డీ కూడా మళ్ళీ సంఘానికే చేరుతుంది. మొత్తం పెద్దగా ఉండదు, ఇరవై ముప్పై వేలు దొరికితే ఎక్కువ. రెండోది స్త్రీనిధి, అంటే మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ. దానికి సంఘంలో తీర్మానం జరగాలి, గ్రామ సమాఖ్య నుంచి పైకి పోవాలి, సంఘం కంతులు సక్రమంగా కట్టి ఉండాలి.

తీర్మానం అంటే ఏదో కాగితం అనుకోవద్దు. చాప మీద అందరూ కూర్చుంటారు, పుస్తకం మధ్యలో ఉంటుంది, వీవోఏ (గ్రామ సమాఖ్య లెక్కలు చూసే ఆమె) పెద్దగా చదువుతుంది. "ఈమెకు ఇంత ఇస్తున్నాం, కట్టకపోతే మనందరి పొదుపులోంచి పోతుంది, సమ్మతమేనా?" అని అడుగుతుంది. అప్పుడొక నిమిషం ఎవరూ మాట్లాడరు. పోయినసారి మీ అమ్మ కంతు ఆలస్యం చేసి ఉంటే ఆ నిమిషంలోనే బయటికొస్తుంది. అందుకే మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరి ఇంటికెళ్ళి చెప్పుకోవడం మేలు. ఎందుకు కావాలో, ఎప్పుడు కడతారో చెబితే ఆడవాళ్ళు కాదనరు.

ఇంకోటి. "నా వాటా నువ్వు వాడుకో, కంతులు నువ్వే కట్టు" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అప్పు ఆమె పేరున ఉంటుంది, డబ్బు మీ ఇంట్లో ఉంటుంది. ఒక్క నెల ఆగినా వీధిలో పరువు పోతుంది.

కుప్పం బోర్డర్
మా వైపు మూడు రాష్ట్రాల ఫైనాన్సు వాళ్ళూ బండ్లేసుకుని వస్తారు. డైలీ కలెక్షన్ వాళ్ళ లెక్క చెప్తా. పది వేల అప్పు అంటారు, చేతికి 8,500 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి 1,500 వడ్డీ అంతే కదా అనిపిస్తుంది. కానీ రోజూ అసలు కూడా తగ్గుతూనే ఉంటుంది కాబట్టి లెక్క వేసి చూస్తే నెలకు నూటికి దాదాపు పది రూపాయలు పడుతోంది. పొద్దున సరుకు కొని సాయంత్రానికి అమ్ముకునే కూరగాయల అంగడికి ఎలాగో గిట్టుతుందేమో. స్లాబ్‌కి ఈ డబ్బు తెస్తే నీ జీతం వాళ్ళ బండిలోకే పోతుంది.

పలమనేరు టమాట
మండీలో అడ్వాన్సు సంగతి ఎవరూ చెప్పలేదే. టమాట రైతుకు మండీ యజమాని వడ్డీ లేకుండా యాభై వేలైనా ఇస్తాడు. కానీ ఆ పంటంతా ఆయన మండీకే వేయాలి. పక్క మండీలో రేటు బాగున్నా తోలలేవు, కమిషన్ ఆయన చెప్పిందే. వడ్డీ లేదంటారు గానీ వసూలయ్యే దారి అదే. మీకు టమాట లేదు కాబట్టి ఇది మీకు పనికిరాదు, ఊరికే చెప్పా.

మీకు పనికొచ్చేది పాలు. రెండు ఆవులు ఉన్నాయి కదా, పాలు ఏ సెంటర్‌కు పోస్తున్నారు? మా దగ్గర బ్యాంకు లోన్‌కు పాలబిల్లు ముడిపెట్టారు. పదిహేను రోజులకొకసారి బిల్లులోంచే కంతు పట్టుకుని మిగతాది వేస్తారు. ఇంటికొచ్చి అడిగేవాడు లేడు, మనం మర్చిపోవడమూ లేదు. కానీ ఆవు వట్టిపోయిన నెలల్లో మాత్రం జేబులోంచి కట్టాలి, అది ముందే లెక్కలో పెట్టుకోండి.

బంగారుపాళెం తోట
అందరూ వడ్డీ ఎంత అనే మాట్లాడుతున్నారు. ఎప్పుడు కట్టాలి అనేది ఎవరూ అడగలేదు. మామిడి రైతు చేతికి డబ్బు వచ్చేది ఏడాదికి ఒకసారి, జూన్ జూలైల్లో. మా ఇంట్లో మైక్రో ఫైనాన్సు కంతు ప్రతి నెలా. వడ్డీ రేటు చూస్తే ఊర్లో వడ్డీ కంటే ఎక్కువేం కాదు. అయినా డిసెంబరు నుంచి మే దాకా ఆ కంతు కట్టడానికి చేబదులు తెచ్చేవాళ్ళం. చేబదులు తీర్చడానికి ఇంకోచోట. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇస్తాయని, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని అన్నారు. మాకు ఫ్యాక్టరీ డబ్బు చేతికొచ్చేసరికి సీజన్ అయిపోయి చాలా రోజులైంది. కంతు వాళ్ళు అంతవరకు ఆగుతారా?

అందుకని నేను చెప్పేది, తోట నమ్ముకుని నెలకంతు అప్పు చేయొద్దు. నెలకంతు అప్పు నీ జీతం మీద లెక్క వేసుకో. ఏడాదికి ఒకసారి కట్టే అప్పు తోట మీద వేసుకో. రెండూ కలిపేస్తే చిక్కు.

పాత లెడ్జర్
బ్యాంకులో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. తోట ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

నూటికి రెండు రూపాయలు అంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నరకు నెలకు 3,000, ఏడాదికి 36,000. అదంతా వడ్డీయే, అసలు అలాగే ఉంటుంది. మీ ఊర్లో అప్పిచ్చే ఆయన మంచివాడే కావచ్చు, నేను కాదనను. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాల్సి వస్తే తలుపు తీసేది ఆయనే. కానీ నోటు సంగతి జాగ్రత్త. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, తేదీ, వడ్డీ రేటు అన్నీ మీ ఎదుటే రాయాలి. ఖాళీ నోటు మీద సంతకం వద్దు. పూచీ కింద ఖాళీ చెక్కు అడిగితే అసలే వద్దు, రేపు మాట తేడా వస్తే చెక్ బౌన్సు కేసులో మీరే తిరగాలి. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళ గడువు. గడువులోపు కొంత కట్టి వెనక జమ రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు. కట్టిన ప్రతిసారీ జమ రాయించండి, వీలైతే ఫోన్‌పే చేయండి, చేతికి ఇస్తే సాక్ష్యం ఉండదు. అప్పు తీరిన రోజు నోటు వెనక్కి తెచ్చుకోవాలి. "ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత ఇస్తా" అంటే చెల్లు రాసి సంతకం పెట్టిన కాగితం తీసుకోకుండా కదలొద్దు. మన ప్రాంతంలో 1938 నాటి రైతు రుణ ఉపశమన చట్టం కింద కోర్టు వడ్డీ తగ్గించే వీలుంది గానీ, కోర్టు దాకా పోయే అప్పు చేయడమెందుకు?

మైక్రో ఫైనాన్సు గురించి కూడా. ఆ అప్పులు కట్టలేక 2010లో జరిగిన ఆత్మహత్యల తర్వాత మన రాష్ట్రం ప్రత్యేక చట్టమే తెచ్చింది, అందుకే మన పెద్దవాళ్ళకు ఆ పేరంటేనే భయం. 2022 నుంచి రిజర్వు బ్యాంకు రూల్స్ వేరే ఉన్నాయి. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికే అది మైక్రో ఫైనాన్సు లోన్. అన్ని అప్పుల కంతులూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. హామీ అడగకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వసూలుకు పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయకూడదు. వడ్డీ, ఫీజులు అన్నీ రాసిన కాగితం ఇవ్వాలి. కంపెనీ వినకపోతే రిజర్వు బ్యాంకు నంబరు 14448.

కొండ కింద
కిసాన్ క్రెడిట్ కార్డు సంగతేంటి సార్? ఎకరంన్నర పాసుబుక్ ఉంది కదా. సొసైటీలో గానీ బ్యాంకులో గానీ 4 శాతానికి వస్తుంది అంటారు.

పాత లెడ్జర్
వస్తుంది. 7 శాతం మీద ఇస్తారు, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 పడుతుంది. రెండు లక్షల వరకు తనఖా అక్కర్లేదు, 2025 జనవరి నుంచి. ఆవులకూ ఆ కార్డు మీదే ఇస్తారు. కానీ అది పంటకు, పశువులకు. స్లాబ్‌కు కాదు.

పలమనేరు టమాట
అబ్బా సార్, క్రాప్ లోన్ తీసి ఇల్లు కట్టనోడు మా ఊర్లో ఒక్కడుంటే చూపించండి.

పాత లెడ్జర్
తెలుసు బాబూ, ముప్పై ఏళ్ళు చూశాను. ఆ డబ్బు స్లాబ్‌లో పోసి తోటకు మందు కొట్టేటప్పుడు రెండు రూపాయల వడ్డీకి పరిగెత్తినవాళ్ళనూ చూశాను. పాకాల అబ్బాయి చేయాల్సింది వేరు. తోట ఖర్చు, ఆవుల దాణా ఇప్పుడు చేతి డబ్బులోంచి పెడుతున్నారు కదా. ఆ ఖర్చుకు కార్డు పెట్టుకుంటే చేతి డబ్బు స్లాబ్‌కు మిగులుతుంది. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు.

చంద్రగిరి మేస్త్రీ
అప్పు గురించి నాకు తెలీదు గానీ స్లాబ్ గురించి తెలుసు. లక్షన్నర ఒక్కరోజే అక్కర్లేదన్నా. ఇనుము, సిమెంటుకు ముందు కావాలి, సెంట్రింగ్‌కు (స్లాబ్ కింద కొట్టే రేకులు, కర్రలకు) సగం అడ్వాన్సు, కాంక్రీటు కూలీ స్లాబ్ వేసిన రోజు సాయంత్రం. సెంట్రింగ్ మిగతా సగం రేకులు విప్పాక ఇచ్చినా ఊరుకుంటారు. ఇనుము కొట్లో తెలిసినవాళ్ళుంటే నెల గడువు ఇస్తారు, కాకపోతే కిలోకి రేటు కొంచెం పెంచి రాస్తారు. క్యాష్ రేటు, అప్పు రేటు రెండూ అడిగి తేడా చూసుకో. ఒక్కోసారి ఆ తేడా రెండు రూపాయల వడ్డీ కంటే ఎక్కువుంటుంది.

పాకాల కుర్రోడు
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. అమ్మకు మూడు సవర్ల (24 గ్రాముల) గొలుసు ఉంది. కుదవ పెడదామంటే అమ్మ సరే అంది, అవ్వ మాత్రం రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. బ్యాంకులో పెట్టాలా, సేటు కొట్లోనా?

అరగొండ అక్క
అవ్వ మాట్లాడుతుందిలే, స్లాబ్ పడనీ. బ్యాంకులోనే పెట్టండి. సేటు కొట్లో ఐదు నిమిషాల్లో పనైపోతుంది గానీ మా చెల్లెలికి చీటీ మీద తూకం కూడా రాయలేదు, గొలుసు అని మాత్రమే రాశారు. ఎక్కడ పెట్టినా తూకం, క్యారెట్లు, రాళ్ళ బరువు తీసేసిన లెక్క కాగితం మీద ఉండాలి.

పాత లెడ్జర్
రెండున్నర లక్షల లోపు బంగారం అప్పుకు విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని 2025లో రిజర్వు బ్యాంకు మార్చింది. ఇస్తారు కదా అని అంతా తీసుకోవద్దు. మూడు సవర్లకు ఇప్పటి రేటులో మీ అవసరం మొత్తం వచ్చేస్తుంది. అయినా ఎనభై తొంభై వేలకు ఆపండి. ఏడాది గడువు చివర్లో ఒకేసారి కట్టే పద్ధతి అడగండి, మీకు జూలైలో మామిడి డబ్బు వస్తుంది కాబట్టి. నోటీసు వస్తే పక్కన పడేయొద్దు, వేలం దాకా పోయేది అలాగే.

బంగారుపాళెం తోట
ఎనభై బంగారం మీద, ముప్పై సంఘం పొదుపులోంచి. మిగతా నలభై నీ జీతంలోంచి మేస్త్రీకి రెండు మూడు విడతల్లో. రెండు రూపాయల వడ్డీ ఆయన నోటు అవసరమే రాదు చూడు.

పాకాల కుర్రోడు
సంఘం మీటింగ్ వచ్చే సోమవారం అంట. అమ్మ ఈరోజే లీడర్ ఇంటికి పోయింది. సెంట్రింగ్ వాళ్ళు విప్పాకే సగం తీసుకుంటామన్నారు. ఒక డౌట్, కిసాన్ కార్డుకు వన్ బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే కాగితం) ఈ నెలదే కావాలా, పాతది చెల్లుతుందా?

పలమనేరు టమాట
కొత్తది తీసుకుని పో అన్నా, మా బ్యాంకులో పాతది పెడితే తిప్పి పంపారు. నాన్న ఆధార్, పాసుబుక్ జిరాక్సులు రెండేసి పెట్టుకో, ఫొటోలు కూడా.