ఉన్నత విద్యలో ఇన్నొవేషన్: నిధులు తెరల మీద పెట్టాలా, మనుషుల మీదా? (ఒక ఆన్‌లైన్ చర్చ; పేర్లు మారుపేర్లు)

లెక్కల మాస్టారు:
వర్ధమాన దేశాల యూనివర్సిటీలకు ఇన్నొవేషన్ పేరుతో నిధులు వస్తే ముందుగా కొనేవి ట్యాబ్లెట్లు, రికార్డింగ్ స్టూడియోలు, ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లు. సూటిగా చెప్తా, అందులో ఎక్కువ భాగం దండగ. ఆ డబ్బు అధ్యాపకుల మీద పెట్టాలి.

1997లో ప్రపంచ బ్యాంకు ఆఫ్రికన్ వర్చువల్ యూనివర్సిటీని మొదలుపెట్టింది. ఎక్కడో ఉన్న ప్రొఫెసర్ల పాఠాలను శాటిలైట్ ద్వారా ఆఫ్రికా క్యాంపస్‌లకు పంపడం అప్పటి ఆలోచన. ఆ సంస్థే తర్వాత దారి మార్చుకుంది. 2003లో ఆఫ్రికా ప్రభుత్వాల ఉమ్మడి సంస్థగా మారాక, అక్కడి అధ్యాపకుల చేతే టీచర్ల శిక్షణకు పాఠాలు రాయించి, మూడు భాషల్లో ఉచితంగా పెట్టింది. నా లెక్కలో ఇన్నొవేషన్ ఈ రెండోది.

ఇక 2012లో మొదలైన ఉచిత ఆన్‌లైన్ కోర్సుల మోజు సంగతి. హార్వర్డ్, ఎంఐటీ కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది నూటికి ముగ్గురు. చేరినవాళ్లలో కూడా సంపన్న దేశాలవాళ్లే ఎక్కువ. పేదలకు యూనివర్సిటీ ఇంటికొస్తుందన్న మాట ఏమైనట్టు?

ఓపెన్ డిగ్రీ:
మాస్టారూ, ఆ మూడు శాతం లెక్క అన్యాయం. ఉచితం కాబట్టి ఊరికే తొంగిచూసి పోయేవాళ్లు కూడా అందులో ఉంటారు. లైబ్రరీలో పుస్తకం తిరగేసి పెట్టేసినవాణ్ని ఫెయిలయ్యాడంటామా?

దూరవిద్య మీకు కనిపించలేదా? దక్షిణాఫ్రికాలో యూనిసా (యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా) 1946 నుంచే పోస్టులో పాఠాలు పంపింది. మండేలాకు 1989లో లా డిగ్రీ వచ్చింది అక్కడినుంచే, అప్పటికాయన ఇంకా ఖైదీ. పాకిస్తాన్‌లో అల్లామా ఇక్బాల్ ఓపెన్ యూనివర్సిటీ 1974లో, భారత్‌లో ఇగ్నో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) 1985లో వచ్చాయి. ఉద్యోగం మానలేనివాళ్లు, ఇల్లు కదలలేని ఆడవాళ్లు డిగ్రీ చదివింది వీటివల్ల. గట్టి అధ్యాపకులున్న మంచి క్యాంపస్ కట్టేదాకా ఆగండని వాళ్లకు చెప్పగలరా?

లెక్కల మాస్టారు:
ఆగమనను. కానీ యూనిసా పంపింది పాఠాలు మాత్రమే కాదండీ, అసైన్‌మెంట్లు దిద్ది వెనక్కి పంపేది. దిద్దినవాడు మనిషే కదా. ఇప్పటి ప్లాట్‌ఫామ్‌లలో ముందు తీసేసేది ఆ మనిషినే.

ఓపెన్ డిగ్రీ:
అన్నిచోట్లా కాదు. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల కార్యక్రమం ఎన్‌పీటెల్ చూడండి. ఐఐటీల పాఠాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, కానీ సర్టిఫికెట్ కావాలంటే కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. కాలేజీల్లో లోకల్ చాప్టర్లు పెట్టి, మెంటర్లుగా అక్కడి లెక్చరర్లనే తీసుకున్నారు. ఆ కోర్సులు ఉండేది కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి, డిగ్రీకి లెక్కలోకొచ్చే క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. తెరా ఉంది, మనిషీ ఉన్నాడు.

ఫీల్డ్ డ్యూటీ:
మీరిద్దరూ పాఠం ఎలా చేరాలన్న దగ్గరే తిరుగుతున్నారు. ఏం నేర్పాలి, ఎక్కడ నేర్పాలి అన్నది ఎవరూ ఎత్తలేదు.

ఘనాలో టమాలే కేంద్రంగా 1992లో యూనివర్సిటీ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ పెట్టారు. ఏడాదిలో రెండు భాగాలు క్లాసులు, మూడో భాగంలో విద్యార్థులు పల్లెల్లో ఉండాలి. అక్కడి నీటి ఎద్దడో, పంట నష్టమో దగ్గరుండి చూసి, ఊరివాళ్లతో కలిసి పనిచేయాలి. కెన్యాలో మోయ్ యూనివర్సిటీ వైద్య విద్యార్థులను చదువు మొదట్లోనే పల్లె ఆరోగ్య కేంద్రాలకు పంపుతుంది. కోస్టారికాలోని ఎర్త్ యూనివర్సిటీ 1990లో తెరిచారు. వ్యవసాయం చదివే పిల్లలు అక్కడ సొంతంగా చిన్న వ్యాపారం పెట్టి నడిపి, లెక్కలు చూపించాలి. వీటిలో ఏదీ ఇంటర్నెట్ స్పీడు మీద ఆధారపడలేదు.

ఖర్చు తక్కువేం కాదు. బండి కావాలి, బస కావాలి, వెంట ఉండి చూసుకునే అధ్యాపకుడు కావాలి. విద్యార్థుల సంఖ్య పెరిగేకొద్దీ ముందు కోత పడేది ఈ ఫీల్డ్ పనికే, నాకూ తెలుసు. అయినా సరే, డిగ్రీ చేతికొచ్చాక ఊళ్లో పని చేయగల మనిషి కావాలంటే ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

పరీక్షల విభాగం:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. మీ ఉదాహరణల్లో ఒకటి గమనించారా? ఎర్త్, టమాలే యూనివర్సిటీ, మోయ్ వైద్య ఫ్యాకల్టీ (అంటే విభాగం) అన్నీ కొత్తగా పెట్టినవే. ఘనాలోనే ఇంకోటి, ఆషేసి, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన పాట్రిక్ అవువా 2002లో పెట్టాడు. అక్కడ విద్యార్థులే ఓటేసి హానర్ కోడ్, అంటే కాపీ కొట్టమనే కట్టుబాటు, ఒప్పుకుంటే ఇన్విజిలేటర్ లేకుండా పరీక్ష పెడతారు. బాగుంది. కానీ అదీ ఖాళీ స్థలంలో కట్టిందే.

ఎక్కువమంది చదివేది పాత యూనివర్సిటీల్లో. దక్షిణాసియాలో అయితే అనుబంధ కాలేజీల్లో. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలను లండన్ యూనివర్సిటీ నమూనాలో పెట్టినప్పుడు వాటి ముఖ్యమైన పని పాఠం చెప్పడం కాదు, పరీక్ష పెట్టి డిగ్రీ ఇవ్వడం. ఆ అలవాటు ఇంకా పోలేదు. పాఠం చెప్పేవాళ్లు ఒకరు, పేపర్ సెట్ చేసేవాళ్లు ఇంకొకరు, దిద్దేవాళ్లు మరొకరు. మాస్టారు ఎంత కొత్తగా చెప్పినా, పరీక్షలో వచ్చేది గైడులోని ఐదు ఇంపార్టెంట్ ప్రశ్నలే అని పిల్లలకు ముందే తెలుసు. వాళ్లకు ఉండేది మార్కుల టెన్షన్. ట్యాబ్లెట్ ఇస్తే అందులో ఆ గైడునే చదువుతారు. ఊరికి పంపితే రిపోర్టు సీనియర్ దగ్గర కాపీ కొడతారు. తప్పు పిల్లలది కాదు.

ఫీల్డ్ డ్యూటీ:
పాతవి మారవు అంటే ఒప్పుకోను. ఉగాండాలోని మకెరెరె 1922లో మొదలైంది. అక్కడి వైద్య ఫ్యాకల్టీ 2003లో పాత లెక్చర్ పద్ధతి వదిలి, సమస్య ఇచ్చి చిన్న గ్రూపుల్లో చర్చించే పద్ధతికి మారింది. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో శిక్షణను కూడా కోర్సులో కలిపింది. ఖాళీ స్థలంలో కట్టింది కాదుగా?

పరీక్షల విభాగం:
కాదు. మంచి ఉదాహరణే. కానీ అది ఒక్క ఫ్యాకల్టీ. పాఠం చెప్పినవాళ్లే మార్కులూ వేస్తారు కాబట్టి రెండూ కలిపి మార్చగలిగారు. అనుబంధ కాలేజీ లెక్చరర్‌కు ఆ అధికారం ఎక్కడుంది?

లెక్కల మాస్టారు:
అయితే ఇవ్వండి అధికారం. సగం మార్కులు కాలేజీ చేతిలో పెట్టండి.

పరీక్షల విభాగం:
ఇంటర్నల్ మార్కులు ఇప్పటికే ఉన్నాయి కదండీ. అందరికీ నిండుగా పడుతున్నాయి. తక్కువ వేస్తే అడ్మిషన్లు తగ్గుతాయని మేనేజ్‌మెంట్ భయం.

ఓపెన్ డిగ్రీ:
నాదో ప్రతిపాదన. బయటి పరీక్ష ఉండనివ్వండి, ప్రశ్న మార్చండి. పుస్తకం దగ్గర పెట్టుకుని రాసే పేపర్, సెమిస్టర్‌కు ఒక్కటి చాలు. దానికి కొత్త యూనివర్సిటీ అక్కర్లేదు, యాప్ కూడా అక్కర్లేదు.

పరీక్షల విభాగం:
సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాకా నేను తీసుకెళ్తాను. కానీ అలాంటి జవాబు ఒక్కోటీ ఒక్కోలా ఉంటుంది, కీ చూసి టిక్కు పెట్టేది కాదు. పేపరుకు ఇంత అని ఇచ్చే పాత రేటుకే, రోజుకు అన్నే పేపర్లు దిద్దమంటే ఎవరు చదివి దిద్దుతారో చెప్పండి.