టీఎస్‌హెచ్ రిపోర్టు: అమ్మకు అర్థమయ్యే పేజీ ఏదన్నా ఉందా?

ప్రశ్న (వారాసిగూడ)
మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పొద్దున పేపరంతా చదివినంకనే కుట్టుమిషన్ ముందు కూర్చుంటది. మొన్న థైరాయిడ్ పరీక్ష రిపోర్టుల టీఎస్‌హెచ్ 7.8 వచ్చింది, ఫ్రీ టీ4 మామూలుగనే ఉంది. ఫోన్ల ఏదో చదివి, అంకె పెరిగింది కాబట్టి థైరాయిడ్ ఎక్కువైందని అనుకుంది. అయోడిన్ ఉప్పు బంద్ చేసి కల్లుప్పు తెమ్మంటుంది. ఆ పేజీలు నేను కూడా చదివిన, ఒక్కో వాక్యం నాలుగు లైన్లు. మనసుపెట్టి చదివే మనిషికే అర్థం కాలేదంటే నాకు బాధైతుంది. ఆమెకు పనికొచ్చే పేజీ ఏదో ఎట్ల గుర్తుపట్టాలి?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, మల్కాజిగిరి)
అక్కా, ముందైతే ఉప్పు మార్చనియ్యకండి. టీఎస్‌హెచ్ అనే హార్మోన్ థైరాయిడ్‌లో తయారు కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపుతుంది. గొంతులోని థైరాయిడ్ మందగిస్తే, ఇంకా పని చెయ్యమని పిట్యూటరీ ఎక్కువ పంపుతుంది. అంకె పెరిగిందంటే చాలావరకు థైరాయిడ్ పని తగ్గినట్టు. చాలా ల్యాబుల్లో మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4. థైరాయిడ్ తయారు చేసే హార్మోన్, అంటే ఫ్రీ టీ4, బాగుంటే డాక్టర్లు తరచుగా కొంతకాలం ఆగి మళ్లీ పరీక్ష చేయిస్తారు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పండి, కొన్ని పరీక్షల్లో అంకె తారుమారవుతుంది.

జవాబు (రిటైర్డ్ టీచర్, తార్నాక)
రోగుల కోసం రాసేది ఆరో తరగతి స్థాయిలో ఉండాలని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అంటుంది. ఆ స్థాయిని కొలిచే ఫ్లెష్-కిన్‌కెయిడ్ సూత్రం ఇంగ్లీషు కోసం చేసింది, వాక్యాల పొడవూ మాటల పొడవూ చూస్తుంది. తెలుగుకు అది పనికిరాదు. అయినా ‘టీఎస్‌హెచ్ పెరిగింది’ అన్నది ఎంత చిన్న వాక్యం! అమ్మగారు చిక్కుకున్నది అక్కడే కదా. అందుకే పొడవు కన్నా, ఎందుకు పెరిగిందో చెప్పారా, చదివాక రేపు ఏం చెయ్యాలో తెలుస్తోందా అని చూడండి. ఎవరు రాశారు, ఎప్పుడు సరిచూశారు అన్నదీ ఉండాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి మెడ్‌లైన్‌ప్లస్ ఇంగ్లీషులో సులువుగా ఉంటుంది, మీరు చదివి చెప్పండి. చెప్పాక ‘అర్థమైందా’ అని అడగొద్దమ్మా, అందరూ అయిందనే అంటారు. ఆమె చేతే ఇంకొకరికి చెప్పించండి.

అడిగినవారు
సార్, అమ్మతోని పిన్నికి ఫోన్ చేయించిన. “గొంతులది నెమ్మదైందంట, పైనుంచి ఇంక చెయ్యమని ఎక్కువ చెప్తుందంట” అని మంచిగ చెప్పింది. గోలీలు వేసుకోవాల్నా అని పిన్ని అడిగితే ఆగిపోయింది. ఆ ప్రశ్న చీటీ మీద రాసుకుంది, బస్తీ దవాఖానాల డాక్టరమ్మను అడుగుతది.

ల్యాబ్ టెక్నీషియన్
మంచిది అక్కా. ఒకవేళ థైరాయిడ్ గోలీ రాస్తే, ఐరన్, కాల్షియం బిళ్లలు ఏమన్నా వాడుతుందేమో అప్పుడే చెప్పమనండి. వాటికీ దీనికీ నడుమ 4 గంటలు ఉండాలి.