పెళ్లికి ముందు సోకిన హెచ్‌పీవీ ఇన్నేళ్లకు బయటపడుతుందా?

కూకట్‌పల్లి వాసి:

నా వయసు 31, నా భార్య వయసు 25. మాకు పెళ్లయి పద్నాలుగు నెలలైంది. మూడు వారాల క్రితం అంగం మొదట్లో చిన్న పులిపిరి లాంటిది కనిపించింది, పది రోజులకు దాని పక్కనే మరో రెండు వచ్చాయి. చర్మవ్యాధుల వైద్యునికి చూపిస్తే, ఇవి హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే పులిపిర్లని, లైంగిక సంబంధం ద్వారా అంటుకుంటాయని చెప్పి ఇమిక్విమాడ్ అనే క్రీము రాసిచ్చారు. బయట చాలామంది వేచి ఉండడంతో ఇంకేమీ అడగలేక వచ్చేశాను. పెళ్లికి ఐదేళ్ల ముందు, పుణేలో ఉద్యోగం చేస్తున్నప్పుడు, నాకు ఒకరితో సంబంధం ఉండేది. ఆ తరువాత పెళ్లి వరకు ఎవరితోనూ లేదు. అప్పటిది ఇప్పుడు బయటపడే వీలుందా? లేదంటే ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఈ రెండో ప్రశ్న నా మనసులోకి వచ్చినందుకే నాకు సిగ్గుగా ఉంది. ఒక ల్యాబ్ వారు రక్తపరీక్ష చేసి సంగతి తేల్చేస్తామని అంటున్నారు. వచ్చే ఏడాది బిడ్డ కోసం ప్రయత్నించాలని అనుకున్నాము. ఇంట్లో ఇంకా ఏమీ చెప్పలేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

చర్మవ్యాధుల వైద్యుడు, సికింద్రాబాద్:

ముందుగా మీ రెండో ప్రశ్నను పక్కన పెట్టండి, ఎందుకంటే ఏ పరీక్షా దానికి జవాబు చెప్పలేదు. ఈ వైరస్ ఒంట్లోకి చేరిన కొన్ని వారాలకు పులిపిర్లు రావచ్చు, నెలలు పట్టవచ్చు, కొందరిలో ఏళ్ల తరబడి చర్మంలోనే అణగి ఉండి ఆ తరువాత పైకి రావచ్చు, చాలామందిలో అసలు ఏమీ కనిపించకుండానే పోతుంది. అందువల్ల పులిపిరి కనిపించిన రోజును పట్టుకుని వైరస్ సోకిన రోజును లెక్కకట్టలేము. మీకు పుణేలోనే సోకి ఉండవచ్చు. ఏదేమైనా ఈ పులిపిర్లు మీ భార్య నడవడికి సాక్ష్యం కావు, ఆ మాట మా ఓపీలో ఎన్నో జంటలకు చెప్పవలసి వచ్చింది.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. 2023లో వెలువడిన ఒక ప్రపంచవ్యాప్త విశ్లేషణ ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషులలో దాదాపు ముగ్గురిలో ఒకరికి జననాంగాలపై ఏదో ఒక రకం హెచ్‌పీవీ ఉంది. ఇలాంటి పులిపిర్లలో నూటికి తొంభై వంతులు 6, 11 రకాల వల్ల వస్తాయి, ఇవి క్యాన్సర్ తెచ్చే రకాలు కావు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైనవి 16, 18 రకాలు. పురుషులలో అంగానికి, మలద్వారానికి, గొంతుకు వచ్చే కొన్ని క్యాన్సర్ల వెనుక ప్రధానంగా ఉన్నది 16వ రకమే. అయితే ఒకే వ్యక్తికి ఒకటి కంటే ఎక్కువ రకాలు సోకే వీలుంది కాబట్టి, పులిపిర్లు మాత్రమే ఉన్నాయని పూర్తిగా నిశ్చింతగా ఉండమని నేను చెప్పను.

ఆ రక్తపరీక్షకు డబ్బు పెట్టకండి. పురుషులలో హెచ్‌పీవీని తేల్చే ఆమోదిత పరీక్ష ఏదీ లేదు, పులిపిర్లను కంటితో చూసే గుర్తిస్తాము. దానికి బదులు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోండి, సిఫిలిస్‌లో వచ్చే కొన్ని బొడిపెలు చూడడానికి ఇలాగే ఉంటాయి. ప్రభుత్వ ఆసుపత్రులలోని సురక్ష క్లినిక్‌లలో వీటిని ఉచితంగా, గోప్యంగా చేస్తారు.

క్రీమును వారానికి మూడు రాత్రులు రాసి, ఉదయం సబ్బుతో కడిగేయండి. తగ్గడానికి పదహారు వారాల వరకు పట్టవచ్చు. అది చర్మం మీద ఉండగా కలయిక వద్దు, అది కండోమ్‌ను కూడా బలహీనపరుస్తుంది. ఎవరైనా సున్నం, సోడా కలిపి పెట్టమన్నా, కాలి ఆనెలకు రాసే మందు రాయమన్నా వినకండి. అలా కాల్చుకుని పుండ్లతో వచ్చినవారికి చికిత్స చేయడం పులిపిర్లకు చేసేదాని కంటే కష్టం. తగ్గిన తరువాత మళ్లీ రావడం మామూలే, దానికి బెదిరిపోవద్దు.

ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్:

తమ్ముడూ, నాకు 34వ ఏట చేసిన పరీక్షలో హెచ్‌పీవీ ఉందని తేలింది. ఆ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చి మావారితో పది రోజులు మాట్లాడలేదు. ఆయన తన తప్పు ఏమిటో తెలియక తల్లడిల్లిపోయారు, ఆ పది రోజులు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తాయి. వైద్యురాలు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇలాంటి ఇన్‌ఫెక్షన్లలో చాలావరకు రెండేళ్లలో ఒంటి శక్తితోనే పోతాయని వివరించిన తరువాతే మా ఇల్లు మళ్లీ ఇల్లయింది. మరుసటి పరీక్షలో నాకు ఏమీ లేదని వచ్చింది. మీ భార్య ఆ క్రీము డబ్బాను అనుకోకుండా చూడకముందే మీ నోటితోనే చెప్పండి. పుణే సంగతి ఆమెకు ముందే తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే ఆ మాటే కష్టం, పులిపిరి మాట కాదు.

ఒక తండ్రి, వనస్థలిపురం:

డాక్టరు గారూ, మా అబ్బాయికి పన్నెండేళ్లు. హెచ్‌పీవీ రాకుండా వేసే టీకా ఆడపిల్లలకే అనుకుంటూ వచ్చాను. పైగా 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు వేసినప్పుడు మరణాల వార్తలు విని వెనుకంజ వేశాను.

చర్మవ్యాధుల వైద్యుడు, సికింద్రాబాద్:

ఖమ్మంలో జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అయితే తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండా, హాస్టల్ వార్డెన్ల సంతకాలతో సమ్మతి పత్రాలు నింపడాన్ని తప్పుపట్టారు, ఆ తప్పు చిన్నది కాదు. మీ భయం అక్కడి నుంచే పుట్టిందని నాకు తెలుసు. సీరం సంస్థ తయారుచేసిన హెచ్‌పీవీ టీకా సెర్వావాక్‌కు 2022లో అనుమతి లభించింది, దానిని 9 నుంచి 26 ఏళ్ల మధ్య మగపిల్లలకూ వేయవచ్చు. పదిహేనేళ్ల లోపు రెండు డోసులు చాలు. అబ్బాయికి వేయించడం మీ ఇంటికి రాబోయే కోడలికి కూడా రక్షణే.

కూకట్‌పల్లి వారికి: టీకా ఇప్పటికే ఉన్న వైరస్‌ను పోగొట్టదు. అయినా మీ భార్య వయసు 25 కాబట్టి ఆమెకు సోకని రకాల నుంచి కాపాడుతుంది. మూడు డోసులు ఆరు నెలల్లో పూర్తవుతాయి. గర్భం దాల్చితే మిగిలిన డోసులను ప్రసవం తరువాతకు వాయిదా వేస్తారు. మీకు పులిపిర్లు ఉన్నంత మాత్రాన ఆమెకు మామూలు కంటే ఎక్కువ పరీక్షలు అవసరం లేదు, అయితే వయసును బట్టి చేయవలసిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షను మానకూడదు. కండోమ్ వాడండి. అది కప్పని చర్మం నుంచి కూడా వైరస్ అంటుకుంటుంది కాబట్టి రక్షణ సంపూర్ణం కాదు, అయినా ముప్పు తగ్గుతుంది.

కూకట్‌పల్లి వాసి:

ఆదివారం సాయంత్రం అంతా చెప్పాను, పుణే సంగతితో సహా. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, అప్పుడు ఆ అమ్మాయి కూడా పరీక్ష చేయించుకుని ఉంటుందా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలలో రెండూ లేవనే వచ్చింది. ఆమెకు టీకా మొదటి డోసు వేయించడానికి శనివారం ఇద్దరం కలిసి వెళుతున్నాము, బిడ్డ ఆలోచనను ఆరు నెలలు వెనక్కి జరిపాము.