పంట బీమాకి మండల వాన స్టేషన్ బదులు ఉపగ్రహ వాన లెక్క తీసుకోవచ్చా?

మబ్బుపట్టు: తీసుకోవాలనే అంటాను. 2014 ఫిబ్రవరిలో నాసా, జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా పంపిన జీపీఎం అనే వాన కొలిచే ఉపగ్రహంలో 13.6, 35.5 గిగాహెర్ట్జ్ రాడార్లున్నాయి. ఒక్కో చూపులో 5 కి.మీ. అడ్డంగా ఉన్న నేలంతా వస్తుంది. స్టేషన్‌లోని గేజీ (వానమాపకం) మూతి 200 చ.సెం.మీ. అనుకున్నా, అది ఆ నేలలో వంద కోట్లో వంతు. శ్రావణంలో వాన ఈ చేలో పడి పక్క చేలో పడదు.

నేలమీద: మూతి చిన్నదే, కానీ పడ్డ నీళ్లనే కొలుస్తుంది. రాడార్ కొలిచేది చినుకుల ప్రతిధ్వనిని. దాని బలం చినుకు వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది. 1 మి.మీ. చినుకులు 64 ఇచ్చే ప్రతిధ్వనిని 2 మి.మీ. చినుకు ఒక్కటే ఇస్తుంది, నీళ్లు మాత్రం ఎనిమిదో వంతే.

మబ్బుపట్టు: రెండు పౌనఃపున్యాలు పెట్టిందే అందుకండీ. పెద్ద చినుకుల దగ్గర 35.5 వేరుగా ప్రవర్తిస్తుంది, ఆ తేడా నుంచే చినుకు సైజు పట్టుకుంటారు. మరి మీ గేజీలో నిండగానే వాలి వాన లెక్కపెట్టే చిన్న తొట్టి, టిప్పింగ్ బకెట్? కుండపోతలో అది వాలే క్షణంలో పడ్డ నీళ్లు లెక్కలోకే రావు.

కొండవాలు: ఏజెన్సీ కొండల మీద నేల ప్రతిధ్వని అడ్డొచ్చి కింది కిలోమీటరు, రెండు కిలోమీటర్లు రాడార్‌కి కనపడవు. అదీ చూడండి.

నేలమీద: బకెట్‌కి మందుంది. 200 చ.సెం.మీ. మూతికి ఒక్కో టిప్పు (వాలు) 0.5 మి.మీ. వాన అంటే 10 మి.లీ. సన్నధారగా 500 మి.లీ. వదిలితే 50 టిప్పులు రావాలి. 46 వస్తే బకెట్ ఎక్కువ నీళ్లు పడుతోందన్నట్టు, కింది స్క్రూలు పైకి తిప్పాలి.

మబ్బుపట్టు: తిప్పేదెవరు? గేజీ జాలీ చెత్తతో పూడుకుపోయి స్టేషన్ సున్నా చూపితే, మునిగిన చేను రైతుకి ఏం చెబుతారు?

నేలమీద: మీ రాడార్ ఆ చేను మీదికి రోజూ వస్తుందా? సుమారు 250 కి.మీ. పట్టీ చూస్తూ పోతుందంతే. మీరు చూపే రోజువారీ మొత్తం ఐమెర్గ్‌ది, అంటే చాలా ఉపగ్రహాల చూపులు కలిపి నాసా ఇచ్చే వాన లెక్కది. అందులో ఎక్కువ భాగం వేరే ఉపగ్రహాల మైక్రోవేవ్ రేడియోమీటర్లది, ఖాళీల్లో పరారుణ మేఘ ఉష్ణోగ్రతలది. వాటిని సరిచూసే తూకపురాయి మాత్రమే రాడార్. తుది లెక్క మూడున్నర నెలలకొస్తుంది, దాన్ని సవరించేది నెలవారీ గేజీ లెక్కలతోనే! 2023 జూలై 26-27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. పడిందని చెప్పింది కూడా నేల మీది స్టేషనే.

మబ్బుపట్టు: సరే, రోజువారీ లెక్క ఒక్క రాడార్‌ది కాదు. నా గొడవ అది కాదండీ. స్టేషన్ చెడితే రైతుకి రెండో సాక్ష్యం లేదు. స్టేషన్ సున్నా, చుట్టూ ఉపగ్రహ లెక్క గడుల్లో (నేలని చదరాలుగా విడగొట్టిన ముక్కల్లో) 60 మి.మీ. ఉంటే ఆ సున్నా మీద పరిహారం కొట్టేయకూడదు.

నేలమీద: ఈ మాట ముందే అని ఉంటే నేను అడ్డుపడేవాణ్ణే కాదు. తనిఖీకి వాడండి, చెల్లింపుకి వద్దు. గడి సుమారు 11 కి.మీ. సగటు, కుండపోత అందులో పలచబడి, పరిహారం రావడానికి దాటాల్సిన వాన గీత దాటదు.

కొండవాలు: దాటకపోతే గడి లెక్కకి గీత కిందికి దించాలి. పాత ఏళ్ల గేజీ, గడి లెక్కలు పక్కపక్కన పెట్టకుండా ఎంత దించాలో ఎలా తేలుస్తారు?